ఒక్క తప్పుకి ఒక్క కబురు: సర్వర్ చెక్‌లను గ్రూపులుగా కట్టే పద్ధతి

మార్చి నెల. గుంటూరులో మిర్చి సీజను నడుస్తోంది. రాత్రి రెండుంబావుకి నా ఫోను మోగడం మొదలైంది. అరండల్‌పేటలోని మా చిన్న ఆఫీసు నుంచి నాలుగు కోల్డ్ స్టోరేజీల సర్వర్లు, కాటా కంప్యూటర్లు, టెంపరేచర్ సెన్సర్లు మేమే చూస్తాం. ఒక్కో స్టోరేజీకి 11 చెక్‌లు (ఫలానాది పనిచేస్తోందో లేదో మాటిమాటికీ చూసే పరీక్షలు), నాలుగింటికీ కలిపి 44. ఆ నాలుగింటికీ వెళ్ళే లింక్ పోయింది, కాసేపటికి వచ్చింది, మళ్ళీ పోయింది. ప్రతి చెక్ "డౌన్" అని ఒకసారి, "అప్" అని ఒకసారి, మళ్ళీ "డౌన్" అని ఇంకోసారి చెప్పింది. 132 మెసేజీలు.

నాకొచ్చినవి మాత్రం 133. మిగిలిన ఆ ఒక్కటీ మా డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ నిండిపోతోందన్న హెచ్చరిక. అది వరుసలో ఎక్కడో మధ్యలో ఉంది. నేను చూడలేదు. లింక్ సంగతి చూసుకుని, ఫోను పక్కన పెట్టి పడుకున్నాను. ఆరింటికి డేటాబేస్ ఆగిపోయింది. పొద్దున్నే టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీల్లోంచి దించి కాటా పెట్టిన రైతులకి బాండ్లు (సరుకు నిల్వ పెట్టినట్టు ఇచ్చే రసీదులు) ప్రింటు కాలేదు. బాండు చేతికొస్తే గానీ రైతు అక్కడి నుంచి కదలలేడు, దాని మీద అప్పు తెచ్చుకోవాల్సినవాళ్ళూ ఉంటారు. తొమ్మిదిన్నర దాకా వాళ్ళు ఎండలో నిలబడ్డారు.

మానిటరింగ్ లేక జరిగిన నష్టం కాదిది. అన్నీ చూస్తూనే ఉన్నాం, అన్నీ మొత్తుకుంటూనే ఉన్నాయి. "నాన్నా పులి" అని 132 సార్లు విన్నాక 133వ కేకకి ఎవరూ లేవరు. ఆ తర్వాత రెండు నెలలు కూర్చుని మొత్తం మళ్ళీ కట్టాం. ఆ కట్టిన పద్ధతినే వరుసగా రాస్తున్నాను. అంతా ఒక్క లెక్క మీద నిలబడుతుంది: చెక్‌కి ఒక మెసేజీ కాదు, తప్పుకి ఒక మెసేజీ. నెలాఖరు రిపోర్టూ అంతే, తప్పుకి ఒక లెక్క.

మొదటి అడుగు: కంప్యూటర్ ముందు కాదు, కాగితం ముందు కూర్చోండి

ఏ సాఫ్ట్‌వేర్ తెరవకముందే మీ చెక్‌లన్నీ ఒక కాగితం మీదకి దించండి. అయిదు గడులు గీయండి. చెక్ పేరు, అది ఏ చోట ఉంది, అది దేని మీద ఆధారపడి ఉంది, అది పోతే ఎవరి పని ఆగుతుంది, అప్పుడు ఎవరు లేవాలి. యాభై చెక్‌లుంటే ఒక సాయంత్రం పడుతుంది.

నాలుగో గడి దగ్గర చాలాసార్లు ఆగిపోతారు. "ఈ సర్వర్‌లో మెమరీ 80 శాతం దాటింది" అనే చెక్ ఉంది. అది దాటితే ఎవరి పని ఆగుతుంది? ఎవరిదీ ఆగదు. అలాంటి చెక్ గ్రాఫులో ఉండాలి, ఫోనులో ఉండకూడదు. మా కాగితం మీద ఈ గడి ఖాళీగా మిగిలిన చెక్‌లకి ఫోను మెసేజీలు ఆ రోజే ఆపేశాం. వారం తిరక్కుండానే రాత్రిపూట ఫోను సగానికి సగం తగ్గింది. గ్రూపులు కట్టడం అప్పటికింకా మొదలే కాలేదు.

అయిదో గడిలో ఇద్దరి పేర్లు రాయకండి. "నేను గానీ వాడు గానీ చూస్తాం" అనుకుంటే ఎవరికి వారే యమునా తీరే అవుతుంది. ఒక్క పేరు రాయండి. అతను ఎత్తకపోతే ఎవరన్నది పక్కన వేరే రాయండి.

రెండో అడుగు: కస్టమర్ నోటి మాటతో గ్రూపుకి పేరు పెట్టండి

అందరూ మొదట చేసే పని, మేమూ చేసిన పని, ఒకే రకం చెక్‌లన్నీ ఒకచోట పెట్టడం. డిస్కులన్నీ ఒక గ్రూపు, పింగులన్నీ (మెషీను నెట్‌వర్క్‌లో పలుకుతోందా అని చూసేవి) ఒక గ్రూపు, వెబ్ సర్వర్లన్నీ ఒక గ్రూపు. మనం పొద్దున్నే డాష్‌బోర్డు చూసుకోవడానికి అది బాగానే ఉంటుంది. అలర్టుకి మాత్రం పనికిరాదు. తప్పు జరిగినప్పుడు డిస్కులన్నీ కలిసి చావవు. ఒక చోట డిస్క్, దాని మీద డేటాబేస్, దాని మీద వెబ్, ఆ పైన కాటా, ఇలా నిలువుగా కూలుతుంది.

ఫోన్ చేసినప్పుడు కస్టమర్ ఏమంటాడో గుర్తు తెచ్చుకోండి. "5432 పోర్టు స్పందించట్లేదండీ" అని ఎవరూ అనరు. "కాటా ఆగిందండీ", "బాండు రావట్లేదు", "మూడో ఛాంబరులో చలి తగ్గింది" అంటారు. మీ గ్రూపుల పేర్లు అవే. మాకు చివరికి అయిదు తేలాయి: కాటా, బాండు, చలి, బ్యాకప్, మా సొంత నెట్‌వర్క్. మీది ఆసుపత్రి అయితే ఓపీ చీటీ, ల్యాబ్ రిపోర్టు, ఫార్మసీ బిల్లు అని వస్తాయి. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపు అయితే బిల్లింగ్ కౌంటరు, స్టాకు, కార్డు మెషీను.

ఒకే చెక్ రెండు గ్రూపులకీ కావాల్సి రావడం మామూలే. మా డేటాబేస్ కాటాకీ కావాలి, బాండుకీ కావాలి. దాన్ని రెండింట్లోనూ వేస్తే డేటాబేస్ పోయినప్పుడు రెండు అలర్టులు వస్తాయి. అలాంటి ఉమ్మడి సామాన్లని "పునాది" అని విడిగా ఒక గ్రూపు చేసి, మిగతావి దాని మీద ఆధారపడినట్టు రాయండి.

ఇప్పుడు ప్రతి చెక్‌కీ మూడు లేబుళ్ళు తగిలించండి: స్థలం, సేవ, తీవ్రత. స్థలం అంటే "కోల్డ్-3". సేవ అంటే "చలి". తీవ్రతకి రెండే విలువలు చాలు: "లేపు", "పొద్దున చూడు". మేము మొదట అయిదు స్థాయిలు పెట్టాం. అర్ధరాత్రి నిద్రమత్తులో మూడో స్థాయికీ నాలుగో స్థాయికీ తేడా ఎవరికీ గుర్తుండదు.

సాధనాల సంగతి

ఈ చెక్‌లు నడిపి అలర్టులు పంపే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లలో నాగియోస్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో వచ్చి, 2002లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దాని నుంచి విడిపోయి 2009లో ఐసింగా వచ్చింది. జాబిక్స్ ఉంది. 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో మొదలైన ప్రొమీథియస్, దాని పక్కనే అలర్టులు పంపే అలర్ట్‌మేనేజర్ ఉన్నాయి. నేను కింద ఎక్కువగా నాగియోస్, అలర్ట్‌మేనేజర్ల మాటల్లోనే చెబుతాను, మేము వాడేవి అవే కాబట్టి. జాబిక్స్‌లో కూడా హోస్టు (మనం చూసే ఒక్కో మెషీను) గ్రూపులు, ట్రిగ్గర్ డిపెండెన్సీలు (ఒకటి పోతే ఇంకోదాని అలర్టు ఆపేవి) ఉన్నాయి, పేర్లు మారతాయి గానీ పని అదే. ఉన్న సాధనాన్ని మార్చడం కంటే ఉన్నదాన్ని సరిగ్గా గ్రూపు చేయడం వల్లే మాకు ఎక్కువ మేలు జరిగింది.

మూడో అడుగు: పోయిందని చెప్పేముందు కాస్త ఆగమనండి

ఒక్క పింగు తప్పిపోగానే కేకేసే చెక్ వల్ల ఉపయోగం లేదు. మన ఊళ్ళలో కరెంటు ఇలా పోయి అలా వస్తుంది. యూపీఎస్ మీదకి మారే క్షణంలో పాత స్విచ్ ఒకటి రీస్టార్ట్ అవుతుంది. ఒక నిమిషంలో అన్నీ మామూలే.

నాగియోస్‌లో దీనికి మ్యాక్స్ చెక్ అటెంప్ట్స్ అనే సెట్టింగ్ ఉంది. మొదటిసారి ఫెయిలయితే "సాఫ్ట్" స్థితి. చెప్పినన్ని సార్లు వరుసగా ఫెయిలయితేనే "హార్డ్" స్థితి, అప్పుడే మెసేజీ. ప్రొమీథియస్ రూలులో "ఫర్" అని ఒక లైను ఉంటుంది. అక్కడ మూడు నిమిషాలని రాస్తే, మూడు నిమిషాలు ఆగకుండా తప్పుగానే ఉంటే తప్ప అలర్టు బయలుదేరదు.

ఎంతసేపు పెట్టాలన్నది సేవని బట్టి ఉంటుంది. కాటాకి రెండు నిమిషాలు, ఎందుకంటే లారీ నిలబడి ఉంటుంది. చలికి పది నిమిషాలు. అంత పెద్ద ఛాంబరు పది నిమిషాల్లో వేడెక్కదు, తలుపు తీసి టిక్కీలు లోపలికి తోసేటప్పుడు మాత్రం సెన్సరు కాసేపు గీత దాటుతుంది. బ్యాకప్‌కి నిమిషాలతో పని లేదు, "నిన్న రాత్రిది వచ్చిందా లేదా" అన్నదే ప్రశ్న.

ఒక్క నియమం మాత్రం తప్పొద్దు: కింద ఉన్నది ముందు అరవాలి, పైన ఉన్నది తర్వాత అరవాలి. రౌటర్ చెక్‌కి ఒక నిమిషం పెడితే, ఆ రౌటర్ వెనక ఉన్నవాటికి మూడు నిమిషాలు పెట్టండి. ఎందుకో తర్వాతి అడుగులో తెలుస్తుంది.

నాలుగో అడుగు: తల్లి పోతే పిల్లలు అరవకూడదు

కాగితం మీది మూడో గడి ఇక్కడ పనికొస్తుంది. మీ మానిటరింగ్ సర్వర్ దగ్గర మొదలుపెట్టి చెట్టులా గీయండి. ఆఫీసు స్విచ్, ఆఫీసు రౌటర్, అక్కడి నుంచి లింక్, కోల్డ్ స్టోరేజీ రౌటర్, దాని వెనక కాటా కంప్యూటర్, సెన్సర్ల పెట్టె, కెమెరా రికార్డరు. ఏ కొమ్మ విరిగితే దాని పైనున్నవి కనబడకుండా పోతాయి. అవి చెడిపోయినట్టు కాదు.

నాగియోస్‌లో ఈ చెట్టుని పేరెంట్స్ అనే లైనుతో చెబుతారు. తల్లి రౌటర్ డౌన్ అయితే వెనకున్న హోస్టుల స్థితి "డౌన్" అవదు, "అన్‌రీచబుల్" అవుతుంది. అన్‌రీచబుల్‌కి మెసేజీ వద్దని కాంటాక్టు (మెసేజీ అందుకునే మనిషి) సెట్టింగులో చెబితే చాలు. అలర్ట్‌మేనేజర్‌లో ఇదే పనికి ఇన్‌హిబిషన్ రూలు రాయాలి. దానికి మూడు ముక్కలు: ఏ అలర్టు ఉంటే, ఏ అలర్టులని ఆపాలి, రెండింటిలో ఏ లేబుల్ ఒకటే అయి ఉండాలి. మాది "రౌటర్ డౌన్ అలర్టు ఉంటే, అదే స్థలం లేబుల్ ఉన్న మిగతా అలర్టులని ఆపు" అని. తల్లికి ఒక నిమిషం, పిల్లలకి మూడు అన్నది ఇందుకే. పిల్లలు ముందే బయలుదేరితే వాటిని ఆపే తల్లి అలర్టు ఇంకా పుట్టే ఉండదు.

ఇక్కడ ఒక గుంట ఉంది, మేము పడ్డాం. సమానంగా ఉండాలన్న లేబుల్ రెండు అలర్టుల్లోనూ అసలు లేకపోతే, అలర్ట్‌మేనేజర్ ఆ రెండూ సమానమే అని లెక్కేస్తుంది. ఒక పాత రౌటర్‌కి స్థలం లేబుల్ పెట్టడం మర్చిపోయాం. అది డౌన్ అయినప్పుడల్లా, లేబుల్ లేని మా ఆఫీసు చెక్‌లన్నీ నోరు మూసుకున్నాయి. లేబుల్ లేని చెక్ ఒక్కటి కూడా మిగలకుండా చూసుకున్నాకే ఈ రూలు పెట్టండి.

ఇంతకంటే పెద్ద గుంట ఇంకొకటుంది. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

పేరెంట్ పెట్టిన కొత్తలో ఒక రాత్రి మూడో స్టోరేజీ రౌటర్ పోయింది. నాకు ఒక్క మెసేజీ వచ్చింది: "కోల్డ్-3 రౌటర్ డౌన్." ఎంత హాయిగా ఉందో. లింక్ వాళ్ళకి ఫిర్యాదు రాసి పడుకున్నాను. నాలుగింటికి అక్కడి నైట్ ఆపరేటర్ ఫోన్ చేశాడు. పెద్దాయన, నన్ను అబ్బాయ్ అనే పిలుస్తాడు.

"అబ్బాయ్, ఇక్కడ కరెంటు పోయి రెండు గంటలైంది. జనరేటర్ స్టార్ట్ అవట్లా. మీ మెషీన్లో చలి సంగతి కనబళ్ళేదా?"

"లింక్ పోయింది బాబాయ్, అందుకని..."

"లింక్ పోయిందో కరెంటు పోయిందో మీకెట్టా తెలుస్తది మరి?"

ఆయన అడిగిన ప్రశ్నలోనే నా తప్పంతా ఉంది. రౌటర్ కనబడకపోవడానికి ఫైబర్ తెగడం ఒక కారణం, కరెంటు పోవడం ఇంకో కారణం. మొదటిదైతే చలి బాగానే ఉంటుంది. రెండోదైతే లోపల వేల టిక్కీల మిర్చి నెమ్మదిగా వేడెక్కుతూ ఉంటుంది. పిల్లల అలర్టులు ఆపేసి ఆ తేడాని నేనే చెరిపేసుకున్నాను. కనబడకపోవడం వేరు, బాగుండటం వేరు. ఆ రాత్రి ఇంకో జనరేటర్ తెప్పించి గట్టెక్కాం, సరుకుకేమీ కాలేదు.

మర్నాడు మూడు మార్పులు చేశాం. ఒకటి, చలి గ్రూపు ఉన్న చోట లింక్ పోతే ఆ మెసేజీలోనే "టెంపరేచర్ కనబడట్లేదు" అన్న మాట ఉండి తీరాలి. రెండు, ఇరవై నిమిషాల్లో లింక్ రాకపోతే "చలి సమాచారం లేదు" అని విడిగా లేపే అలర్టు వస్తుంది, దాన్ని ఏ తల్లీ ఆపదు. మూడు, ప్రతి ఛాంబరు దగ్గరా మా సర్వర్‌తో సంబంధం లేకుండా సిమ్ కార్డుతో పనిచేసే చిన్న అలారం పెట్టాం. మీరు చూసేవాటిలో ఆలస్యమైతే సరుకో మనిషో పాడయ్యేది ఏదైనా ఉంటే, దాన్ని అలర్టు ఆపేసే జాబితాలో పెట్టేముందు ఆ పెద్దాయన ప్రశ్న ఒకసారి వేసుకోండి.

అయిదో అడుగు: పోగేసి పంపడం

తల్లి లేని తప్పులు కూడా గుంపుగా వస్తాయి. వాటిని ఒక మెసేజీగా కట్టడానికి అలర్ట్‌మేనేజర్‌లో నాలుగు సెట్టింగులున్నాయి.

గ్రూప్ బై అంటే ఏ లేబుళ్ళు ఒకటే అయితే ఒక మూటలో వేయాలన్నది. మాది స్థలం, సేవ, తీవ్రత. గ్రూప్ వెయిట్ అంటే కొత్త మూట మొదలయ్యాక, మిగతావి కూడా వచ్చి చేరడానికి ఎంతసేపు ఆగాలన్నది. మనం ఏమీ చెప్పకపోతే 30 సెకన్లు. గ్రూప్ ఇంటర్వల్ అంటే ఒకసారి మెసేజీ వెళ్ళాక అదే మూటలో ఇంకో తప్పు చేరితే మళ్ళీ పంపేముందు ఎంత ఆగాలన్నది, మామూలుగా 5 నిమిషాలు. రిపీట్ ఇంటర్వల్ అంటే ఏమీ మారకపోయినా ఎంతసేపటికోసారి గుర్తుచేయాలన్నది, మామూలుగా 4 గంటలు. మేము గ్రూప్ వెయిట్‌ని ఒక నిమిషం చేశాం, మిగతావి అలాగే వదిలేశాం.

తీవ్రతని గ్రూప్ బైలో ఎందుకు పెట్టామంటే, మొదట పెట్టలేదు కాబట్టి. "పొద్దున చూడు" రకం తప్పు ఒకటి సాయంత్రం నుంచి మూటలో ఉంది. రాత్రి "లేపు" రకం తప్పు వచ్చి అదే మూటలో చేరింది. వచ్చిన మెసేజీ చూడ్డానికి సాయంత్రం చూసినదానిలాగే ఉంది, కింద ఒక లైను ఎక్కువ, అంతే. పెద్ద మూట కట్టడం తేలిక. అందులో కొత్తగా ఏం చేరిందో కనబడేలా కట్టడమే పని.

ఇక మెసేజీలో ఏముండాలి? మాది ఎస్ఎంఎస్ కూడా, ఎందుకంటే రాత్రి డేటా ఆపేసి పడుకునేవాళ్ళున్నారు. తెలుగులో ఎస్ఎంఎస్ అంటే ఒకదానికి 70 అక్షరాలే పడతాయి. ఇంగ్లీషులోలా 160 రావు. గుణింతాలు, ఒత్తులు కూడా విడి అక్షరాలుగా లెక్కకొస్తాయి. పైగా కంపెనీ తరఫున ఎస్ఎంఎస్ పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వేదికలో) టెంప్లేట్ ముందే రిజిస్టర్ చేయించాలి. ఇష్టం వచ్చిన వాక్యం పంపితే వెళ్ళదు. అందుకని మూటకి సరిపడే ఒకే టెంప్లేట్ ఖాళీలతో తయారు చేసుకోండి. మాది ఇలా వస్తుంది:

"కోల్డ్-3: లింక్ 2:14 నుంచి లేదు. టెంపరేచర్ కనబడట్లేదు. 11 చెక్‌లు."

ఎక్కడ, ఏమిటి, ఎప్పటి నుంచి, ఎంత. మిగతా వివరం వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో చూసుకోవచ్చు.

ఆరో అడుగు: గ్రూపు పోయిందని ఎప్పుడు అనాలి

బాండు గ్రూపులో రెండు వెబ్ సర్వర్లున్నాయి. ఒకటి పోతే రెండోది పని నడిపిస్తుంది. బాండు రావడం ఆగలేదు. మరి రాత్రి రెండింటికి ఎవరినైనా లేపాలా? అక్కర్లేదు. "పొద్దున చూడు" చాలు. రెండూ పోతేనే "లేపు".

గ్రూపు స్థితిని రెండు రకాలుగా లెక్కేయొచ్చు. ఒకటి "ఏదో ఒకటి పోతే పోయినట్టే", డేటాబేస్ లాంటి ఒంటరి వస్తువులకి ఇదే సరి. రెండోది "ఇన్ని మిగిలితే నడిచినట్టే", జంటగానో నలుగురుగానో ఉన్నవాటికి. నాగియోస్‌తో వచ్చే ప్లగిన్లలో చెక్ క్లస్టర్ అనేది దీనికోసమే ఉంది. ప్రొమీథియస్‌లో అయితే ఆ సేవ లేబుల్ ఉన్న చెక్‌లలో బాగున్నవాటిని లెక్కబెట్టి, రెండు కంటే తక్కువైతే ఒక రూలు, ఒకటి కంటే తక్కువైతే ఇంకో రూలు రాస్తే సరిపోతుంది. ఒక్కో సర్వర్‌కి విడిగా ఉన్న పాత అలర్టులు తీసేయడం మర్చిపోకండి. లేకపోతే కొత్తదీ పాతదీ రెండూ వస్తాయి.

అన్నిటికంటే నమ్మదగ్గది మాత్రం ఆ గ్రూపుకి కస్టమర్ చేసే పనినే చేసి చూసే ఒక చెక్. మాకు ప్రతి అయిదు నిమిషాలకి ఒక ఉత్తుత్తి బాండు తయారై, పీడీఎఫ్ వచ్చిందో లేదో చూసి, చెరిగిపోతుంది. మార్చిలో ఇది ఉండి ఉంటే ఆరూ అయిదుకే తెలిసేది.

ఏడో అడుగు: ఎవరికి, ఆ తర్వాత ఎవరికి

ఇది తొందరగా చెప్పేస్తాను. "లేపు" అయితే డ్యూటీలో ఉన్నవాడికి ఎస్ఎంఎస్, ఫోన్ కాల్. పదిహేను నిమిషాల్లో "చూస్తున్నా" అని నొక్కకపోతే రెండో మనిషికి. ఇంకో పదిహేను నిమిషాలకి నాకు. "పొద్దున చూడు" అయితే తొమ్మిదింటికి ఒకే మెయిల్‌లో అన్నీ. డ్యూటీ పట్టిక వారానికోసారి మారాలి. పండగ రోజు డ్యూటీ చేసినవాడికి బదులు సెలవు ఇవ్వండి, అది చిన్న విషయం కాదు.

ఎనిమిదో అడుగు: ముందే తెలిసిన ఆపుదల

కరెంటు వాళ్ళు లైన్ల మరమ్మతు కోసం ఫలానా రోజు తొమ్మిది నుంచి రెండింటి దాకా సరఫరా ఉండదని ముందే చెబుతారు. ఆ చోటుకి, ఆ వేళకి సైలెన్స్ (కాసేపు అలర్టులు పంపకుండా ఆపడం) పెట్టండి. లేబుళ్ళుంటే ఒక్క సైలెన్స్ చాలు, "స్థలం కోల్డ్-2" అని. ఎప్పుడు ముగుస్తుందో తప్పకుండా రాయండి, ఎందుకు పెట్టారో కామెంటులో రాయండి. చలి గ్రూపుకి మాత్రం సైలెన్స్ పెట్టకండి. కరెంటు లేని వేళే అది కావాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కలంతా మునిగింది. అక్కడ మేము చూసే చిన్న షాపులు కొన్ని ఉన్నాయి, వాటి చెక్‌లన్నీ ఒకేసారి పోయాయి. నీళ్ళు రోజుల తరబడి ఉన్నాయి. అప్పటికి స్థలం లేబుల్ ఉండబట్టి ఆ ప్రాంతానికి రోజుకోసారి ముగిసే సైలెన్స్ పెట్టాం. వారానికి ఒకేసారి పెట్టలేదు. రోజూ పొద్దున అది ముగిసినప్పుడు ఏ షాపు తిరిగి లేచిందో తెలిసేది, ఆ యజమానికి ఫోన్ చేసి మాట్లాడేవాళ్ళం. సైలెన్స్ ఎంత పొడుగ్గా పెడితే ఆ చోటుని అంత మర్చిపోతాం.

తొమ్మిదో అడుగు: కాపలావాడికి కాపలా

మానిటరింగ్ సర్వరే ఆగిపోతే ఏ అలర్టూ రాదు. ఆ నిశ్శబ్దం అన్నీ బాగున్నట్టే ఉంటుంది. ప్రొమీథియస్‌లో ఎప్పుడూ వెలుగుతూనే ఉండే ఒక అలర్టు పెట్టండి, దాన్ని వాచ్‌డాగ్ అంటారు. అది మీ ఆఫీసులో కాకుండా బయట అద్దెకి తీసుకున్న ఒక చిన్న సర్వర్‌కి నిమిషానికోసారి వెళ్ళాలి. దానికి రిపీట్ ఇంటర్వల్ విడిగా తగ్గించాలి, నాలుగు గంటలు అలాగే ఉంటే లాభం లేదు. గ్రూప్ ఇంటర్వల్ కూడా అంతకు మించకూడదు. అక్కడ పది నిమిషాలు అది రాకపోతే ఆ బయటి సర్వర్ మీకు ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ వెళ్ళే దారి మీ ఆఫీసు లింక్ మీదుగా ఉండకూడదు.

ఇవన్నీ పెట్టాక నిజంగా పీకి చూడండి. ఆదివారం పొద్దున ఒక స్టోరేజీకి వెళ్ళి, అక్కడివాళ్ళకి ముందే చెప్పి, రౌటర్ కేబుల్ ఊడదీయండి. గడియారం చూస్తూ నిలబడండి. ఒకే మెసేజీ రావాలి. తర్వాత సెన్సరుని చేత్తో పట్టుకుని వేడి చేయండి. తర్వాత రెండు వెబ్ సర్వర్లలో ఒకటి ఆపండి, ఫోను మోగకూడదు. కాన్ఫిగ్ ఫైలులో రాత తప్పులు పట్టడానికి ప్రామ్‌టూల్, ఏఎమ్‌టూల్ ఉన్నాయి, మార్చినప్పుడల్లా నడపండి. కానీ కేబుల్ పీకి చూస్తే తెలిసేవి అవి చెప్పవు. మొదటిసారి పీకినప్పుడు మాకు ఏడు మెసేజీలొచ్చాయి. అయిదు పాత పద్ధతిలో విడిగా పెట్టినవి, తీయడం మర్చిపోయినవి.

పదో అడుగు: నెలాఖరు రిపోర్టు

రిపోర్టు దగ్గర గ్రూపుల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఒక ఉదాహరణ లెక్క చూడండి. బాండు గ్రూపులో ఒక పొద్దున మూడు చెక్‌లు పోయాయనుకుందాం. కరెంటు 9:58 నుంచి 10:25 దాకా, 27 నిమిషాలు. వెబ్ 10:00 నుంచి 10:20 దాకా, 20 నిమిషాలు. డేటాబేస్ 10:05 నుంచి 10:30 దాకా, 25 నిమిషాలు.

మూడూ కూడితే 72 నిమిషాలు. 30 రోజుల నెలలో 43,200 నిమిషాలుంటాయి కాబట్టి సేవ నడిచింది 99.83 శాతం అని వస్తుంది. మూడింటి సగటు తీస్తే 24 నిమిషాలు, 99.94 శాతం. నిజానికి రైతుకి బాండు రానిది 9:58 నుంచి 10:30 దాకా, 32 నిమిషాలు, 99.93 శాతం. మీరు కస్టమర్‌కి 99.9 శాతం మాట ఇచ్చి ఉంటే నెలకి 43.2 నిమిషాలు మించకూడదు. మొదటి లెక్క ప్రకారం మాట తప్పారు. రెండో లెక్క నిజం కంటే ఎనిమిది నిమిషాలు దాచింది. మూడోదే సరైనది: ఒకదాని మీద ఒకటి పడిన సమయాలని కలిపి, మొదటి పోక నుంచి చివరి రాక దాకా ఒకే ముక్కగా లెక్కబెట్టాలి. మధ్యలో సేవ నిజంగా నడిచిన ఖాళీ ఉంటే అక్కడ తెంచి రెండు ముక్కలు చేయాలి. ఇక్కడ ప్రతి చెక్ పోయినప్పుడూ బాండు ఆగుతుంది కాబట్టి ఇలా. జంట సర్వర్లుంటే ఆరో అడుగులో చెప్పిన గ్రూపు స్థితినే లెక్కకి తీసుకోండి.

మన మానిటరింగే పనిచేయని వేళని "బాగుంది" కిందా వేయకూడదు, "పోయింది" కిందా వేయకూడదు. "తెలియదు" అని మూడో గడి పెట్టండి. ముందే చెప్పి ఆపినది నాలుగో గడి. వరద లాంటివి కూడా దాచకుండా చూపించి, పక్కన కారణం రాయండి. యజమాని చదివేది ఒక పేజీయే. గ్రూపుకో వరుస, వరుసలో ఎన్నిసార్లు ఆగింది, మొత్తం ఎంతసేపు, అన్నిటికంటే పొడుగ్గా ఎంతసేపు, ఏ కారణం వల్ల. పొడుగ్గా ఎంతసేపన్నది విడిగా ఉండాలి. రెండేసి నిమిషాలు పదహారు సార్లు ఆగడమూ, ఒకేసారి 32 నిమిషాలు ఆగడమూ కాటా దగ్గర నిలబడినవాడికి ఒకటి కాదు.

మూడు నెలల రిపోర్టులు పక్కపక్కన పెట్టండి. మాకు బాండు గ్రూపు ఆగిన ప్రతిసారీ కారణం గడిలో "యూపీఎస్" అని కనబడింది. అంతకుముందు బ్యాటరీలు మార్చమని నోటితో ఎన్నిసార్లు చెప్పినా పని జరగలేదు. ఆ మూడు పేజీలూ, వాటి కింద బ్యాటరీల కొటేషనూ పిన్ను కొట్టి యజమాని టేబుల్ మీద పెట్టాం. ఆ వారంలోనే కొత్త బ్యాటరీలు వచ్చాయి.